పరుగెత్తే లైటుకు నంబరు ప్లేటు

కొప్పిశెట్టి త్రినాథరావు ముప్పై నాలుగేళ్ళు రైలు చివరి పెట్టెలో కూర్చుని ఉద్యోగం చేశాడు. ఇప్పుడు ఆ పనికి ఏదో పెద్ద పేరు పెట్టారుగాని, ఆయన మాత్రం గార్డుగా చేరి గార్డుగానే రిటైరయ్యాడు. అన్నేళ్ళలో ఆయన ముందుకు చూసింది తక్కువ, వెనక్కి చూసింది ఎక్కువ. అలవాటు పోలేదు. రిటైరయ్యాక కొనుక్కున్న పాత పద్మిని కారుకు కూడా ముందు అద్దం వారానికోసారి తుడిచేవాడు, వెనక అద్దమూ వెనక లైట్లూ రోజూ తుడిచేవాడు.

"ముందు పోయేవాడు తన దారిన తను పోతాడు. మన పాట్లన్నీ వెనకొచ్చేవాడితోనే" అనేవాడు.

ఆయన భార్య భాగ్యవతి సాగిపాడుకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో కాలవ గట్టు మీదున్న బధిరుల పాఠశాలలో టీచరు. మోకాళ్ళు అరిగిపోయి బస్సు మెట్లు ఎక్కలేదు. పొద్దున్నా సాయంత్రమూ ఆవిణ్ణి తీసుకెళ్ళి తీసుకురావడమే పద్మినికీ త్రినాథరావుకీ ఉన్న ఏకైక ఉద్యోగం.

ఒక వానాకాలం సాయంత్రం కాలవ వంతెన దగ్గర కారు కుడివైపు తిరుగుతుండగా, వెనకనుంచి కొబ్బరికాయల ఆటో వచ్చి గుద్దింది. ఆటోవాణ్ణి అని లాభం లేదు. పద్మిని ఇండికేటరు నలభై ఏళ్ళ నాటిది. అది వెలిగిందో లేదో తెలియాలంటే కారు దిగి, వెనక్కి వెళ్ళి, చేయి అడ్డం పెట్టి చూసుకోవాలి. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. భాగ్యవతి కుడి మణికట్టు మాత్రం బెణికింది.

ఇంకెవరికైనా అయితే అది చిన్న దెబ్బే. భాగ్యవతి చేతులతో మాట్లాడి పాఠం చెప్పే మనిషి. చెయ్యి బెణికితే ఆవిడకు గొంతు పోయినట్టే. పదహారు రోజులు ఎడమచేత్తో నత్తినత్తిగా పాఠం చెప్పింది. పిల్లలు నవ్వారు, తరవాత జాలిపడ్డారు. పదిహేడోనాడు త్రినాథరావు పద్మినిని తీసుకుని ఆటో ఎలక్ట్రీషియన్ జానీబాషా షెడ్డుకు వెళ్ళాడు.

"బాషా, నేను ఎటు తిరుగుతున్నానో వెనకొచ్చేవాడికి అర్థమవ్వాలి. అర్థం కాలేదని వాడు అనడానికి వీల్లేకుండా ఉండాలి."

జానీబాషా వంగి వెనక లైట్లు తట్టి చూశాడు. "పరిగెత్తే లైట్లు పెట్టేద్దారండి గార్డు గారూ. లోపల్నించి బయటికి వరసగా వెలుగుతా వెళ్తాయి. ఎటు పోతే అటు తిరుగుతున్నట్టు. గుడ్డోడికి తప్ప అందరికీ తెలుస్తాదండి."

పాత నారింజ అద్దాల వెనక అడుగు పొడవున్న పట్టీలు రెండు బిగించాడు. ఒక్కో పట్టీకి తొమ్మిది చిన్న దీపాలు. స్విచ్చి వెయ్యగానే అవి పరుగెత్తలేదు, వణికాయి.

"ఇవి కరెంటు తక్కువ తాగుతాయండి. పాత ఫ్లాషరేమో బల్బు మాడిపోయిందనుకుని కంగారుపడిపోతంది" అని జానీబాషా లైటును వెలిగించి ఆర్పే ఆ ఫ్లాషరు మార్చాడు. అప్పుడు కుడివైపు లైటు బాగానే పరుగెత్తింది. ఎడమది మాత్రం ఎడమకు వెళ్తానని చెప్పి కుడికి పరుగెత్తింది. పట్టీ తలకిందులుగా బిగించాడు. విప్పి సరిచేశాడు. ఇక మిగిలింది వేగం. పట్టీ వెనక వేగం తగ్గించడానికీ పెంచడానికీ ఒక చిన్న మర ఉంది. త్రినాథరావు రోడ్డు మీద నలభై అడుగులు వెనక్కి వెళ్ళి నిలబడి, చేయి పైకీ కిందికీ ఊపుతూ మర తిప్పించాడు.

"మరీ అంత తొందరేంటి బాషా, తరుముకొస్తున్నట్టుంది. తగ్గించు. ఇంకా తగ్గించు. మరీ నిద్రపోతోంది. ఆఁ... అక్కడ ఆపు."

అరసెకనులో అడుగు దూరం. ఆ వేగం దగ్గర జానీబాషా మర మీద బంక చుక్క వేశాడు.

మర్నాడు బడి దగ్గర భాగ్యవతి కారు దిగి వెనక్కి వచ్చి చూసి, "మా పిల్లల భాషలో 'ఇటు' అనాలంటే ఇంతేనండీ. అరచెయ్యి ఇలా లోపల్నించి బయటికి జరపడమే. మీ కారుకి మా భాష వచ్చేసింది" అంది. త్రినాథరావుకు రైల్వే ఇచ్చిన మెడల్ కన్నా ఆ మాట ఎక్కువ అనిపించింది.

కారుకు ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది. గడువు ఇంకా రెండు నెలలే. అది దాటితే పాత బండి కాబట్టి తుక్కుకే. త్రినాథరావు కడిగిన కారును సాగిపాడు రవాణా కార్యాలయానికి తీసుకెళ్ళాడు. ఏమైనా అడిగితే చెప్పడానికి ఉంటాడని జానీబాషాను కూడా వెంటబెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు బొడ్డు సత్యవ్రతం పేరుకు తగ్గ మనిషి. పన్నెండేళ్ళ సర్వీసులో ఒక్క అబద్ధం రాయలేదు, రాయమన్నవాళ్ళను దగ్గరికి రానివ్వలేదు. బ్రేకులు చూశాడు, హారను విన్నాడు, టైర్లు గీకాడు. ఇండికేటరు వెయ్యమన్నాడు. త్రినాథరావు వేశాడు. సత్యవ్రతం వంగి చూసి, చేతిలో ఉన్న ఫారం చూసి, మళ్ళీ వంగి చూశాడు.

"ఇదేమిటండీ?"

"ఇండికేటరండి."

"ఇండికేటరు మిణుకుతుంది. ఇది పరిగెడుతోంది." ఫారం చూపించాడు. పదిహేడో గడిలో 'దిశాసూచిక దీపములు: స్థిరముగా బిగించబడి మిణుకుచున్నవి / మిణుకుటలేదు' అని ఉంది. "ఇప్పుడు నేను ఏం కొట్టెయ్యాలి? మిణుకుచున్నవి అంటే అబద్ధం. మిణుకుటలేదు అంటే మీకు అన్యాయం. అసలు స్థిరముగా అన్నదే ఇక్కడ కుదరడం లేదు."

జానీబాషా ముందుకొచ్చాడు. "లైటెక్కడికీ పరిగెత్తదు సార్. తొమ్మిదీ ఉన్నచోటే ఉంటాయి. ఒకదాని తరవాత ఒకటి వెలుగుతాయంతే. మన కంటికి అలా అనిపిస్తాది."

"తనిఖీ కంటితో చేస్తారా, నీ మాటతో చేస్తారా?" అన్నాడు సత్యవ్రతం మర్యాదగానే. "నా కంటికి పరిగెత్తింది. పరిగెత్తిందనే రాస్తాను." గడి పక్కన మార్జిన్లో ఎర్ర సిరాతో 'పరుగెత్తుచున్నది' అని రాసి, ఫైలును ఉప రవాణా కమిషనర్ గారికి పంపాడు.

ఉప రవాణా కమిషనర్ చక్రవర్తుల నీలాద్రి గారు ఎదుటివారితో మాట్లాడినా జీవో చదువుతున్నట్టే ఉండేది. ఇంట్లో కాఫీ కూడా 'సత్వరమే సమకూర్చవలెను' అని అడుగుతారని ఆఫీసులో చెప్పుకునేవారు. ఆయన కారు దగ్గరికి స్వయంగా దిగి వచ్చి, చేతులు వెనక కట్టుకుని, లైటు పరుగును పదకొండుసార్లు చూశారు.

"ఇది తనంత తానుగా చలించుచున్నదా, లేక ఎవరేని తోయుచున్నారా?"

"బ్యాటరీతోనండి" అన్నాడు త్రినాథరావు.

"అనగా యాంత్రిక శక్తితో. ఎచ్చట చలించుచున్నది?"

"రోడ్డు మీద ఉన్నప్పుడేనండి. ఇంటి దగ్గర వెయ్యం."

"యాంత్రిక శక్తితో రహదారిపై చలించునది మోటారు వాహనము. మోటారు వాహనమునకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి." సత్యవ్రతం వైపు తిరిగారు. "రిజిస్ట్రేషన్ లేని వాహనములు రెండు మన ఆవరణలోనికి దర్జాగా ప్రవేశించినవి. నమోదు చేసుకొనుడు."

త్రినాథరావు రెండు చేతులూ జోడించాడు. "అయ్యా, ఇంత పేచీ ఉందని తెలీక పెట్టించాను. ఇప్పుడే పీకించేస్తాను. బాషా స్క్రూడ్రైవరు తెచ్చాడు."

"విచారణలో ఉన్న వాహనమును ధ్వంసము చేయుట నేరము" అన్నారు నీలాద్రి గారు. జానీబాషా స్క్రూడ్రైవరు జేబులో పెట్టేసుకున్నాడు.

అలా ఎడమ లైటుకు ఒకటి, కుడి లైటుకు ఒకటి చొప్పున రెండు దరఖాస్తులు నింపవలసి వచ్చింది. చక్రముల సంఖ్య దగ్గర త్రినాథరావు 'లేవు' అని రాశాడు. కూర్చొను వారి సంఖ్య దగ్గరా 'లేరు' అని రాశాడు. ఛాసిస్ నంబరు కోసం జానీబాషా పట్టీ వచ్చిన అట్టపెట్టెను చెత్తలోంచి వెతికి తీసి, దాని మీదున్న అంకెలన్నీ వరసగా చెప్పాడు. వారం తిరక్కుండా రెండు నంబర్లు వచ్చాయి. నంబరు ప్లేటు లైటు కన్నా పెద్దది. లైటు మీద బిగిస్తే లైటు కనపడదు, బిగించకపోతే నేరం. చివరికి రెండు ప్లేట్లనూ చిన్న గొలుసులతో బంపరు కింద వేలాడదీశారు. పద్మిని వెళ్తుంటే గంటలు కట్టిన ఆవు వెళ్తున్నట్టుండేది.

తరవాత వేగ పరీక్ష పెట్టారు. సత్యవ్రతం టేపూ స్టాప్‌వాచీ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాడు. గంటకు రెండు కిలోమీటర్ల చిల్లర అని తేలింది. నీలాద్రి గారు సంతృప్తి చెందారు. ఈ జిల్లాలో వేగ పరిమితిని ఇంత నిష్ఠగా పాటిస్తున్న వాహనాన్ని తాను చూడలేదని ఫైలులో రాశారు.

కాని సత్యవ్రతానికి కొత్త అనుమానం వచ్చింది. "సార్, ఎడమ లైటు ఎడమవైపుకే పోతోంది. బాగుంది. కుడి లైటు మాత్రం ఎప్పుడు చూసినా కుడివైపుకే పోతోంది. రోడ్డుకు ఎడమవైపున నడవాలని రూలు కదండీ."

నీలాద్రి గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "కుడి దీపము ఎడమ దీపమును ఓవర్‌టేక్ చేయుచున్నట్లుగా పరిగణించవలెను."

"చిత్తం. ఇంకొకటుంది సార్. అంచు దాకా పరిగెత్తి మాయమైపోతోంది. మళ్ళీ లోపల్నించి బయల్దేరుతోంది. అది పాతదేనాండీ, కొత్తదా?"

"పాతదే. కొత్తదైనచో నిమిషమునకు డెబ్బది రిజిస్ట్రేషన్లు చేయవలసి వచ్చును. సిబ్బంది కొరత కలదు."

"పాతదే అయితే అంచు దగ్గర్నుంచి లోపలికి ఎలా తిరిగొచ్చింది సార్? వెళ్ళడం చూశాంగాని రావడం మనమెవరం చూడలేదే."

నీలాద్రి గారి ముఖం గంభీరమైంది. "లైట్లు ఆర్పుకొని వచ్చుచున్నది" అన్నారు.

లైటు లేకుండా ప్రయాణించినందుకు లైటుకు మెమో జారీ అయింది. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. త్రినాథరావు రైల్వేలో ఎన్నో సంజాయిషీలు రాసినవాడు. రెండు లైట్ల తరఫునా కూర్చుని, 'మేము అజ్ఞానముచే చేసిన పొరపాటును మన్నించగలరు, ఇకమీదట తిరిగివచ్చునప్పుడు తగు జాగ్రత్త వహించగలము' అని రాసి, కింద ఎడమ, కుడి అని సంతకాలు పెట్టాడు. మొదటి తప్పుగా భావించి హెచ్చరికతో వదిలేశారు.

గడువుకు ఇంకా నెలన్నర ఉంది. ఇక సంతకం పెట్టేస్తారనుకుని త్రినాథరావు వెళ్ళాడు. నీలాద్రి గారు ఫైలు మూయబోయి, మళ్ళీ తెరిచారు.

"ఈ పద్మిని అను వాహనముపై ప్రస్తుతము రెండు వాహనములు ఉన్నవి కదా?"

"ఉన్నాయండి. మీరిచ్చిన నంబర్లే."

"వాహనములను మోయునది సరకు రవాణా వాహనము. దీనికి పసుపుపచ్చ ప్లేటు, గూడ్సు పర్మిట్ అవసరము. గూడ్సు వాహనమునందు ప్రయాణికులు కూర్చొనరాదు."

త్రినాథరావుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ వెనక భాగం పట్టుకున్నాడు. "మా ఆవిడ ప్రయాణికురాలు కాదండి. మా ఆవిడ."

"వాహనమునకు భార్య, భర్త అను భేదము లేదు" అన్నారు నీలాద్రి గారు.

మర్నాటి నుంచి భాగ్యవతి షేర్ ఆటోలో బడికి వెళ్ళింది. మోకాలు సగం వంచి, పాలక్యాన్ల మధ్య ఇరుక్కుని కూర్చునేది. ఆటో నిండేదాకా కదలదు కాబట్టి మొదటి పీరియడు పోయేది. పిల్లలు గేటు దగ్గర నిలబడి రోడ్డు చూస్తుండేవారు. త్రినాథరావు ఇంట్లో ఉండలేకపోయాడు. పసుపు ప్లేటు తగిలించుకున్న ఖాళీ పద్మినిలో, గొలుసులు గలగల్లాడుతుండగా, భార్య ఎక్కిన ఆటో వెనకే తొమ్మిది కిలోమీటర్లూ వెళ్ళేవాడు. ఆటోను వెనకనుంచి ఎవరూ గుద్దకుండా అది తిరిగిన ప్రతి చోటా తనూ ఇండికేటరు వేసేవాడు. ఆటో వెనక సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్న భాగ్యవతికి మొగుడు ఎదురుగా స్టీరింగు దగ్గర కనపడుతుండేవాడు. రెండోరోజు ఆవిడ చేయెత్తి, తిన్నారా అని సైగ చేసింది. ఆయన తిన్నానని తలూపాడు. తినలేదు.

నాలుగోనాడు సాయంత్రం ఆవిడ మోకాలికి వేడినీళ్ళ గుడ్డ వేసుకుంటూ, "రేపు సెలవు పెట్టాను. ఆ ఆఫీసుకి నన్ను తీసుకెళ్ళండి" అంది.

"ఎలా తీసుకెళ్ళనే? నువ్వెక్కకూడదుగా."

"నేను ఆటోలో వస్తాను. మీరు వెనకాల రండి."

నీలాద్రి గారి గదిలో భాగ్యవతి అడక్కుండానే కూర్చుంది. ఆవిడకు నిలబడే ఓపిక లేదు. సత్యవ్రతం పక్కన నిలబడి ఉన్నాడు.

"గూడ్సు బండిలో ఎవరెవరు ఎక్కచ్చండీ?" అని ఆవిడే మొదలుపెట్టింది.

"డ్రైవరు ఎక్కవచ్చును. క్లీనరు ఎక్కవచ్చును" అన్నారు నీలాద్రి గారు.

"క్లీనరు మగాడే ఉండాలనుందా?"

ఆయన పుస్తకం తిరగేశారు. "లేదు."

"వయసు?"

"పైపరిమితి పేర్కొనబడలేదు."

"చదువు ఎక్కువైతే పనికిరాదని ఉందా?"

"అట్టి నిబంధన కనబడుట లేదు."

"అయితే రాసుకోండి. కొప్పిశెట్టి భాగ్యవతి, క్లీనరు."

త్రినాథరావు "భాగ్యం!" అన్నాడు. ఆవిడ అరచెయ్యి చూపించింది. ఊరుకోమని. ముప్పై ఏళ్ళుగా ఆ సైగకు ఆయన ఊరుకుంటూనే ఉన్నాడు.

సత్యవ్రతం ఆవిడ పేరు రాసుకున్నాడు. ఆ రోజు ఎందుకో ఆయన చేతిరాత కొంచెం వంకర పోయింది. నీలాద్రి గారు మాత్రం, "విధి నిర్వహణలో ఖాకీ చొక్కా ధరించవలెను. వాహనము వెనుకకు నడుచునప్పుడు క్లీనరు దిగి, వెనుక నిలిచి, మార్గనిర్దేశము చేయవలెను" అని గుర్తుచేశారు.

భాగ్యవతి మార్కెట్టు వీధిలో ఖాకీ చొక్కా కుట్టించుకుని చీర మీద వేసుకుంది. పొద్దున్నే పద్మిని బడి ఆవరణలో ఆగేది, క్లీనరు దిగి వెనక నిలబడేది, త్రినాథరావు కారును వెనక్కి తిప్పుకునేవాడు, క్లీనరు తరగతిలోకి వెళ్ళిపోయేది. పిల్లలకు ఇది బాగా నచ్చింది. వాళ్ళ భాషలో ప్రతి మనిషికీ ఒక సైగ పేరు ఉంటుంది. ఇన్నాళ్ళూ భాగ్యవతి పేరు నుదుటి మీద పెద్ద బొట్టు. ఇప్పుడు రెండు వేళ్ళతో గుండె మీద జేబు తట్టడం. కొత్త పేరు ఎలా ఉందని వాళ్ళు అడిగితే, ఆవిడ జేబు తట్టుకుని నవ్వింది.

ఇక్కడితో అయిపోవలసిందే. కాని నీలాద్రి గారు తాము కనిపెట్టినదాన్ని ఒక్క కారుకు పరిమితం చేసే మనిషి కాదు. పరుగెత్తే దీపాలన్నిటికీ వర్తించేలా ఒక సర్క్యులర్ జారీచేశారు. పెళ్ళిపందిళ్ళ మీద పరుగెత్తే సీరియల్ లైట్లు, బట్టల కొట్ల బోర్డుల చుట్టూ తిరిగే లైట్లు, రికార్డింగ్ డాన్సు స్టేజీ లైట్లు, రోడ్డు పక్కనే చలిస్తున్నాయి కాబట్టి, అన్నీ వచ్చి రిజిస్టర్ చేయించుకోవాలి, అలాంటి లైట్లను మోసే బండ్లన్నీ గూడ్సు బండ్లే. బట్టల కొట్టు చుట్టూ తిరిగే లైట్లు మూల తిరిగేటప్పుడు హారను కొట్టడం లేదని సత్యవ్రతం రాసిచ్చాడు. ఒక పెళ్ళిలో జీలకర్ర బెల్లం వేళకు పందిరి లైట్లకు ఫిట్‌నెస్ లేదని ఆపించారు. పెళ్ళి ఆగలేదుగాని చీకట్లో పెళ్ళికొడుకు జీలకర్ర బెల్లం అత్తగారి నెత్తిన పెట్టాడని జానీబాషా చెప్పాడు. ఆ లైట్లు కట్టింది అతనే.

ఆ నెల సాగిపాడు కార్యాలయంలో కొత్త వాహనాల సంఖ్య రాష్ట్రం మొత్తం మీద ఎక్కడా లేనంత పెరిగింది. పై అధికారులు అవి ఏం వాహనాలో చూడలేదు, ఎన్నో చూశారు. నీలాద్రి గారికి ప్రశంసాపత్రం వచ్చింది. దానితోపాటు కార్యాలయానికి ఒక సరికొత్త కారు కూడా వచ్చింది.

కారు వచ్చిన రోజే పద్మిని గడువుకు ఆఖరి రోజు. త్రినాథరావూ, ఆయన క్లీనరూ రెన్యువల్ సర్టిఫికెట్ కోసం పొద్దుటినుంచీ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. సంతకం పెట్టవలసిన నీలాద్రి గారు కొత్త కారుకు కొబ్బరికాయ కొట్టించి, సిబ్బంది చప్పట్ల మధ్య వెనక సీట్లో కూర్చుని, "మొదటగా కలెక్టరు కార్యాలయమునకు పోనిమ్ము" అన్నారు.

డ్రైవరు గేటు దగ్గర ఎడమ ఇండికేటరు వేశాడు.

లైటు లోపల్నించి బయటికి పరుగెత్తింది. ఫ్యాక్టరీలో బిగించిందే. పద్మినికి ఉన్నదానికన్నా సాఫీగా, అందంగా పరుగెత్తింది. చప్పట్లు కొడుతున్నవాళ్ళ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. అందరూ సత్యవ్రతం వైపు చూశారు.

సత్యవ్రతం చెమట తుడుచుకున్నాడు. చూడనట్టు ఊరుకుంటే సరిపోతుందని ఆయనకూ తెలుసు. కాని ఆయనకు అది చేతకాదు. మెల్లగా నడిచి వెళ్ళి కారు తలుపు తీశాడు.

"సార్, కొంచెం దిగుతారా?"

"ఏమి కారణము?"

"గూడ్సు వాహనంలో ప్రయాణికులు కూర్చోరాదు సార్. మన సర్క్యులర్."

నీలాద్రి గారు దిగి, కారు వెనక్కి వచ్చి చూశారు. ఆయన ముఖంలో రంగులు మారాయి. సర్క్యులర్ రద్దు చేస్తే రిజిస్ట్రేషన్లన్నీ చెల్లవు, ప్రశంసాపత్రం వెనక్కి ఇవ్వాలి. కారు వద్దంటే కారణం రాయాలి. కారణం రాస్తే సర్క్యులర్ సంగతి పై వాళ్ళు చదువుతారు. ఎటు తిరిగినా దారి లేదు. ఎండలో పెద్దమనిషి అలా నిలబడిపోవడం చూసి త్రినాథరావుకు జాలేసింది. ఆయన బెంచీ మీదనుంచి లేచి దగ్గరికి వెళ్ళాడు. ఎగతాళికి కాదు, నిజంగానే సాయం చేద్దామని వెళ్ళాడు.

"సార్, క్లీనరు ఎక్కచ్చు కదండీ."

నీలాద్రి గారు త్రినాథరావు వైపు చూశారు. వరండాలో ఖాకీ చొక్కాలో కూర్చున్న భాగ్యవతి వైపు చూశారు. "వయస్సునకు పైపరిమితి లేదు కదా?" అని సత్యవ్రతాన్ని అడిగారు.

"లేదు సార్."

"విద్యార్హత?"

"అభ్యంతరం లేదు సార్."

ఆ రోజు సాయంత్రంలోగా రెండు పనులు జరిగాయి. పద్మినికి ఐదేళ్ళ రెన్యువల్ సంతకమైంది. కార్యాలయ వాహనానికి క్లీనరుగా ఉప రవాణా కమిషనర్ గారి పేరు నమోదైంది. సత్యవ్రతం రెండూ తప్పుల్లేకుండా రాశాడు.

పది రోజుల తరవాత భాగ్యవతి తన క్లీనరు గుర్తింపు కార్డు తీసుకోవడానికి త్రినాథరావుతో కలిసి ఆఫీసుకు వచ్చింది. అప్పుడే కొత్త కారు లోపలికి వచ్చి షెడ్డు ముందు ఆగింది. ముందు సీట్లోంచి నీలాద్రి గారు ఖాకీ చొక్కాలో దిగి, కారు వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. డిక్కీ మీద రెండుసార్లు అరచేత్తో చరిచి, "రానీ... రానీ... ఎడమకి కొట్టు... రానీ... ఆప్!" అన్నారు. షెడ్డు గోడకు జానెడు దూరంలో కారు ఆగింది. గుమాస్తాలు ఫైళ్ళలోకి తలలు దించుకున్నారు. త్రినాథరావు మాత్రం గార్డు కళ్ళతో ఆ నిలబడిన చోటూ, చెయ్యెత్తిన తీరూ చూసి, బాగానే నేర్చుకున్నారని మనసులో అనుకున్నాడు.

నీలాద్రి గారు భాగ్యవతిని చూసి దగ్గరికి వచ్చారు. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించారు.

"అమ్మా, ఈ చొక్కా ఎవరిచేత కుట్టించారు? నాది చంకల్లో పట్టేస్తోందండీ. 'ఆప్' అన్నప్పుడల్లా చిరిగిపోతుందేమోనని భయంగా ఉంటోంది."

భాగ్యవతి ఆయన చెయ్యి ఎత్తించి, చంక దగ్గర కుట్టు పట్టి చూసింది.

"రెండంగుళాలు వదులు పెట్టించుకోవాలండి" అంది. "మనది చేతులతో చేసే పని కదా."